గోదావరి జిల్లాల చిన్న వ్యాపారులు తరచుగా అడిగే ప్రశ్నలు: గూగుల్, వాట్సాప్, మెయిల్, ఫేస్‌బుక్

అమలాపురం, రావులపాలెం, పాలకొల్లు, భీమవరం వైపు కొట్లు, నర్సరీలు, ఇంటి దగ్గర పిండివంటలు నడుపుకునేవాళ్లు అడుగుతుండే ప్రశ్నలివి. ఒక ఫోను, ఇంట్లో ఇద్దరు మనుషులు, సీజన్లో ఊపిరాడని పని. ఆ లెక్కలోనే జవాబులు రాశాను.

మా ఊళ్లో మా కొట్టు తెలియనివాళ్లు లేరు. ఇవన్నీ మాకెందుకండీ?

కొనేవాళ్లంతా మీ వీధివాళ్లే అయితే నిజంగానే అక్కర్లేదు. కిరాణా కొట్టుకు ఒక వాట్సాప్ నంబరు చాలు. సరుకుల చీటీ ఫొటో తీసి పంపితే కట్టి పెట్టేస్తారు, సాయంత్రం వచ్చి పట్టుకెళ్తారు.

కానీ డెల్టాలో చాలా వ్యాపారాలకు గిరాకీ ఊరి బయటే ఉంది. ఆత్రేయపురం పూతరేకుల్ని ఆత్రేయపురం ఒక్కటే తినేస్తే ఆ పరిశ్రమ నిలబడేదే కాదు. కడియం, కడియపులంక మొక్కలు లారీలెక్కి వేరే రాష్ట్రాలకు పోతాయి. నరసాపురం లేసు, ఉప్పాడ జాందానీ, బండారులంక చీరలు, అంబాజీపేట కొబ్బరి, అన్నిటిదీ అదే దారి. ఆ కొనేవాళ్లు ఒకప్పుడు తెలిసినవాళ్లని అడిగి వచ్చేవారు, ఇప్పుడు ఫోన్లో వెతుక్కుని వస్తున్నారు. పూతరేకులకు 2023లో జీఐ గుర్తింపు (ఫలానా ఊరి ప్రత్యేక సరుకని ఇచ్చే భౌగోళిక గుర్తింపు) వచ్చింది. ఆ ఊరి పేరు పెట్టుకుని ఎక్కడెక్కడో చేసినవి అమ్మేవాళ్లూ ఉన్నారు. అసలు ఊళ్లో ఉన్న అసలు కొట్టు వెతికినవాడికి దొరక్కపోతే నష్టం ఎవరికి?

నాలుగూ ఒకేసారి మొదలుపెట్టాలా?

వద్దు. ముందు వ్యాపారం పేరుతో ఒక జీమెయిల్ ఐడీ. తర్వాత గూగుల్ మ్యాప్స్, ఆ తర్వాత వాట్సాప్ బిజినెస్. ఈ మూడూ సర్దుకున్నాక ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లలో మీకు చేతనైనది ఒకటి.

చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. ఇన్‌స్టాలో వారానికి నాలుగు రీల్స్ పెడతారు, మ్యాప్‌లో మాత్రం ఎప్పుడో మార్చేసిన ఫోన్ నంబరే ఉంటుంది. రీల్ చూసేవాడు కాలక్షేపానికి చూస్తాడు. ‘రావులపాలెంలో టెంట్ హౌస్’ అని వెతికేవాడికి ఎల్లుండి ఇంట్లో పెళ్లి ఉంది. ముందు రెండోవాడికి దొరకండి.

గూగుల్ మ్యాప్స్‌లో పెట్టించడానికి ఎంత ఖర్చవుతుంది?

ఏమీ అవదు. మ్యాప్‌లో కొట్టు వివరాలు చూపించే గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ పూర్తిగా ఉచితం. ఊళ్లో ఎవరైనా కుర్రాడు కూర్చుని చేసి పెట్టినందుకు కూలి అడిగితే అది వేరే సంగతి, ఇవ్వండి. ‘గూగుల్‌కి కట్టాలి’ అంటే మాత్రం అబద్ధం.

వివరాలు పెట్టాక వెరిఫికేషన్ అడుగుతుంది. ఇప్పుడు ఎక్కువగా వీడియో అడుగుతోంది. వీధి, చుట్టుపక్కల గుర్తులు, బోర్డు, లోపలి సరుకు కనపడాలి. కొట్టు మీదేనని తెలిసేలా షట్టర్ తాళం తీయడమో, గల్లాపెట్టె దగ్గరికి వెళ్లడమో చూపించాలి. మధ్యలో ఆపకుండా ఒకే షాట్లో తీయండి. బోర్డు లేని కొట్లు ఇక్కడే తిరిగొస్తాయి, కాబట్టి ముందు బోర్డు రాయించండి.

పిన్ ఎక్కడ పెడుతున్నారో జాగ్రత్త. మన ఊళ్లలో డోర్ నంబర్లు సరిగ్గా ఉండవు. అడ్రసు టైప్ చేసి వదిలేస్తే ఊరి మధ్యలో రామాలయం దగ్గర గుచ్చేస్తుంది. కాలవగట్టు మీద ఉన్న కొట్టయితే పిన్ను వేలితో జరిపి సరిగ్గా గుమ్మం ముందు పెట్టండి. కాలవకు అవతలి గట్టు మీద పెడితే వచ్చేవాడు వంతెన వెతుక్కుంటూ మళ్లీ వెనక్కి తిరగాలి.

పేరులోనే అన్నీ రాసేస్తే ఎక్కువమందికి కనపడతామా? ‘బెస్ట్ నర్సరీ కడియం హోల్‌సేల్ మామిడి కొబ్బరి మొక్కలు’ అని?

అలా పెట్టినవాళ్లు కొన్నాళ్లు పైన కనపడటం మీరు చూసి ఉంటారు. గూగుల్ నిబంధనల ప్రకారం బోర్డు మీద ఉన్న పేరే ఉండాలి. ఎవరైనా ఫిర్యాదు చేస్తే ప్రొఫైల్ సస్పెండ్ అవుతుంది, దాన్ని తిరిగి తెచ్చుకోవడం పెద్ద టెన్షన్.

మీరు చెప్పాలనుకున్నవి చెప్పడానికి వేరే చోట్లున్నాయి. కేటగిరీల్లో ఒకటి ముఖ్యమైనది, మరో 9 అదనంగా పెట్టుకోవచ్చు. వివరణలో మొక్కల పేర్లు రాయండి. కడియం రోడ్డు పొడవునా నర్సరీలే, పేర్లన్నీ ఒకేలా ఉంటాయి. అక్కడ మిమ్మల్ని వేరుగా నిలబెట్టేవి ఫొటోలు, రివ్యూలు. మీ దగ్గర పెద్ద చెట్లు దొరుకుతాయా, పూల మొక్కలా, లాన్ గడ్డా అన్నది మొదటి మూడు ఫొటోల్లో తెలిసిపోవాలి.

మాకు కొట్టు లేదు. ఇంట్లో పూతరేకులు చుట్టి పార్శిల్ వేస్తాం. మ్యాప్‌లో పెట్టొచ్చా?

ఇక్కడ ఒక మెలిక ఉంది. కొనేవాళ్లతో నేరుగా కలిసే వ్యాపారానికే గూగుల్ ప్రొఫైల్ ఇస్తుంది. వాళ్లు మీ ఇంటికొచ్చి తీసుకెళ్లినా, మీరే వెళ్లి ఇచ్చినా సరిపోతుంది. పూర్తిగా పార్శిల్ మీదే నడిచేదైతే ఆ నిబంధన కిందికి రాదు.

మీరే వెళ్లి ఇచ్చేటట్లయితే ఇంటి అడ్రసు బయటికి కనపడకుండా దాచి, ఏయే ఊళ్లకు ఇస్తారో మాత్రం పెట్టొచ్చు. ఆడవాళ్లు ఒంటరిగా నడుపుకునే ఇళ్లకు ఇది మంచి ఏర్పాటు. పార్శిల్ మాత్రమే అయితే వాట్సాప్ కేటలాగు, ఇన్‌స్టా పేజీ మీద ఆధారపడండి.

మాది రాజమండ్రి. రాజమహేంద్రవరం అని రాయాలా?

అడ్రసులో అధికారిక పేరు ఉండనివ్వండి. వివరణలో, పోస్టుల్లో రెండూ వాడండి. 2015లో పేరు మారినా, వెతికేవాళ్ల వేళ్లకు రాజమండ్రే అలవాటు. జిల్లాల సంగతీ అంతే. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు వచ్చాక అమలాపురం కోనసీమకు, భీమవరం కొత్త పశ్చిమ గోదావరికి కేంద్రాలయ్యాయి. పాత విజిటింగ్ కార్డులో ఉన్న జిల్లా పేరే ఇంకా ఆన్‌లైన్లో ఉందేమో ఒకసారి చూసుకోండి.

తెలుగులో రాయాలా, ఇంగ్లీషులోనా?

రెండిట్లో. తెలుగు లిపిలో టైప్ చేసేవాళ్లు ఉన్నారు, మైకు నొక్కి మాట్లాడేవాళ్లు ఉన్నారు, తెలుగు మాటను ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టేవాళ్లు ఉన్నారు. ఈ మూడోరకంతోనే చిక్కు. పూతరేకుల్ని ఒకరు ‘పు’కి యూ పెట్టి, ఇంకొకరు రెండు ఓలు పెట్టి, మరొకరు ‘త’కి హెచ్ చేర్చి రాస్తారు. గూగుల్ చాలావరకు కలిపేసుకుంటుంది. ఇన్‌స్టా హ్యాష్‌ట్యాగుల్లో మాత్రం ఒక్క అక్షరం తేడా వచ్చినా అది వేరే ట్యాగే.

ఎవరు ఏం వెతుకుతున్నారో తెలుసుకోవడానికి గూగుల్ ట్రెండ్స్ ఉంది, డబ్బులక్కర్లేదు. రాష్ట్రాన్ని ఎంచుకుని చూడొచ్చు. ఆంధ్రప్రదేశ్ ఒకసారి, తెలంగాణ ఒకసారి పెట్టి చూడండి, ఎందుకంటే మీ కొనుగోలుదారు హైదరాబాద్‌లో ఉండొచ్చు. తినేవాటి గురించి ఏ నెలలో వెతుకులాట లేస్తుందో గీతలా కనపడుతుంది. అయితే చిన్న ఊళ్ల పేర్లు కొడితే లెక్క చాలక ఖాళీగా వస్తుంది, కంగారు పడకండి.

వరదొచ్చి కొట్టు మూసేస్తే ఆన్‌లైన్లో ఏం చేయాలి?

ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక. లంకల్లో ఉన్నవాళ్లకు అప్పటికే దారులు మునగడం మొదలవుతుంది. బయటి ఊరి మనిషికి ఇదేం తెలియదు, పార్శిల్ రాలేదనే తెలుస్తుంది.

గూగుల్ ప్రొఫైల్లో ‘ప్రత్యేక సమయాలు’ అని ఉంటాయి, మూసే రోజులు అందులో పెట్టండి. ఎక్కువ రోజులైతే ‘తాత్కాలికంగా మూసి ఉంది’ అని పెట్టొచ్చు. పొరపాటున ‘శాశ్వతంగా’ అన్నది నొక్కకండి. వాట్సాప్‌లో ‘అవే మెసేజ్’ (మీరు అందుబాటులో లేనప్పుడు దానంతటదే వెళ్లే జవాబు) పెట్టి, లంక ఊళ్ల ఆర్డర్లు ఎప్పుడు పంపుతారో రాయండి. ఫోన్ చార్జింగ్ ఉండగానే ఈ పని కానివ్వండి.

మామూలు వాట్సాప్ ఉండగా బిజినెస్ యాప్ ఎందుకు?

ఇంటి మెసేజ్‌లు, వ్యాపారం మెసేజ్‌లు కలవకుండా ఉండటానికి. ఒకే నంబరు ఒకేసారి రెండు యాప్‌లలోనూ నడవదు కాబట్టి వ్యాపారానికి వేరే సిమ్ తీసుకోండి. కొట్లో ల్యాండ్‌లైన్ ఉంటే దానితోనూ నమోదు చేయొచ్చు, కోడ్ ఫోన్ కాల్‌లో చెబుతుంది.

యాప్ ఉచితం. కేటలాగులో 500 వస్తువుల దాకా పెట్టుకోవచ్చు. ఎప్పుడూ టైప్ చేసే జవాబులు క్విక్ రిప్లైలుగా దాచుకోవచ్చు. ‘డబ్బు రావాలి’, ‘పార్శిల్ వేశాం’ లాంటి లేబుళ్లు తగిలించుకుంటే సంక్రాంతి వారంలో ఎవరి ఆర్డరు ఎక్కడుందో వెతుక్కునే పని తప్పుతుంది. ఈ లేబుళ్లు పెద్దగా ఎవరూ వాడరు. నా లెక్కలో ఆ యాప్‌లో అన్నిటికన్నా పనికొచ్చేది అదే.

కేటలాగులో ధర రాయండి. ‘ధరకు ఇన్‌బాక్స్ చేయండి’ అనే అలవాటు ఎక్కడినుంచి వచ్చిందో గానీ, కొనేవాళ్లను తరిమేస్తుంది. పోటీదారుడికి తెలిసిపోతుందంటారు. పోటీదారుడు తన బావమరిది ఫోన్ నుంచి మెసేజ్ పెట్టి ఎప్పుడో తెలుసుకున్నాడు! చేపలు, రొయ్యలు, కొబ్బరికాయల్లా రోజూ మారే ధరలైతే ‘ఈ రోజు ధర’ అని తేదీ వేసి ఉదయం స్టేటస్‌లో పెట్టండి. భీమవరం వైపు రొయ్యల కౌంటు (కిలోకు ఎన్ని తూగుతాయన్న లెక్క) రేట్లు ఇలాగే తిరుగుతుంటాయి.

బ్రాడ్‌కాస్ట్ పంపితే సగం మందికి వెళ్లడం లేదేం?

బ్రాడ్‌కాస్ట్ అంటే ఒక లిస్టులో ఉన్నవాళ్లందరికీ ఒకే మెసేజ్ విడివిడిగా పంపడం. మీ నంబరు వాళ్ల ఫోన్లో సేవ్ అయి ఉంటేనే వెళ్తుంది. ఒక లిస్టులో 256 మంది వరకే. అందుకని మొదటిసారి కొన్నప్పుడే ‘మా నంబరు సేవ్ చేసుకోండి, కొత్త సరుకు వచ్చినప్పుడు కబురు చేస్తాం’ అని అడగండి. ఒప్పుకున్నవాళ్లకే పంపండి.

లిస్టుకు బదులు గ్రూపు పెట్టి అందర్నీ లాగి పడేస్తారు కొందరు. అందరి నంబర్లూ అందరికీ కనపడతాయి, పొద్దున్నే గుడ్ మార్నింగ్‌లు మొదలవుతాయి, మంచి కస్టమర్లు చడీచప్పుడు లేకుండా తప్పుకుంటారు. ఎక్కువమంది బ్లాక్ చేసి రిపోర్ట్ కొడితే నంబరే పోయే ప్రమాదం ఉంది.

ఈ రోజుల్లో మెయిల్ ఎవరు చూస్తారండీ?

వీధిలో కొనేవాడు చూడడు. టోకున కొనేవాడు చూస్తాడు. లేసు అడిగే ఎగుమతి కంపెనీ, గెస్ట్‌హౌస్‌కి వంద కొబ్బరి మొక్కలడిగే కాంట్రాక్టరు, పండక్కి ఉద్యోగులకు స్వీటు బాక్సులు పంచే ఆఫీసు, వీళ్లకు కొటేషన్ మెయిల్లోనే కావాలి. ‘వాట్సాప్ చేశాను కదండీ’ అంటే అక్కౌంట్స్ సెక్షన్ ఒప్పుకోదు.

అలాంటి మెయిల్‌కు సబ్జెక్టులో విషయం ఉండాలి. ‘హాయ్ సార్’ అని పెట్టకుండా ‘200 స్వీటు బాక్సులకు కొటేషన్, డిసెంబర్ 20 డెలివరీ’ అని రాయండి. లోపల ధర, పన్ను, రవాణా ఎవరిది, ఈ ధర ఎప్పటిదాకా చెల్లుతుంది అన్న నాలుగు ముక్కలు చాలు. కొటేషన్ పీడీఎఫ్‌గా జతచేయండి.

అందరికీ ఒకేసారి పంపేటప్పుడు అడ్రసులు బీసీసీ గడిలో వేయండి. లేకపోతే మీ కస్టమర్ల జాబితా మొత్తం మీరే ఊరంతా పంచినట్టు. ఉచిత జీమెయిల్ రోజుకు 500 మందికి మించి పంపనివ్వదు. ఎక్కడో కొన్న మెయిల్ జాబితాలకు పంపితే స్పామ్‌లో పడతారు, ఆ తర్వాత నిజమైన కొటేషన్లు కూడా అక్కడికే పోతాయి.

ఇంకొకటి. జీమెయిల్, డ్రైవ్, ఫొటోలు కలిపి 15 జీబీయే ఉచితం. ఫోన్లోని ఫంక్షన్ వీడియోలన్నీ అదే అకౌంట్లోకి ఎక్కి నిండిపోతే కొత్త మెయిళ్లు రావడం ఆగిపోతుంది. రెండేళ్లపాటు అసలు తెరవని అకౌంటును గూగుల్ తీసేయొచ్చు కూడా.

సొంత డొమైన్ (వ్యాపారం పేరుతో ఉండే ఇంటర్నెట్ చిరునామా) పేరుతో మెయిల్ ఉండాలా?

ఎగుమతి బేరాలుంటే ఉంటే బాగుంటుంది. మొదటి ఏడాది అక్కర్లేదు. తీసుకుంటే మాత్రం డొమైన్ మీ పేరు మీదే కొనమనండి, ఎస్‌పీఎఫ్, డీకిమ్ సెట్టింగులు (మెయిల్ నిజంగా మీ డొమైన్ నుంచే వచ్చిందని రుజువు చేసేవి) పెట్టించండి. అవి లేని మెయిళ్లను పెద్ద కంపెనీల సర్వర్లు అనుమానంగా చూస్తాయి.

ఫేస్‌బుక్‌లో నాకు ఐదువేల ఫ్రెండ్స్ ఉన్నారు. అది చాలదా?

ఐదువేల దగ్గర ఆగిపోతుంది, అదే పరిమితి. వ్యాపారానికి పేజీ పెట్టండి. పేజీకి ఆ పరిమితి లేదు, ఇంకో ఇద్దరికి నిర్వహణ అప్పగించొచ్చు, ప్రకటన ఇవ్వొచ్చు. పైగా మీ మేనకోడలి పెళ్లి ఫొటోల పక్కన ఎరువుల ధరలు ఉండవు.

రీల్స్‌లో ఏం పెట్టాలి?

పని చూపించండి. బోర్లించిన కుండ మీద పిండిలో ముంచిన గుడ్డ అలా లాగగానే పలచటి రేకు లేచే క్షణం ఎన్నిసార్లు చూసినా విసుగు పుట్టదు. జాందానీ మగ్గం మీద ఇద్దరు కూర్చుని బుటా ఎక్కించడం, అంటు కట్టే చేతులు, పీచు నుంచి తాడు పేనడం, ఇవన్నీ మీకు రోజువారీ పనులు. బయటివాళ్లకు అవి వింత. మీ మొహం చూపించడం ఇష్టం లేకపోతే చేతులు చూపించండి.

పండగ శుభాకాంక్షల పోస్టర్లు, దాంట్లో ఓనరు గారి ఫొటో, అది ఎవరూ చూడరు. ఆ డిజైన్ డబ్బులు మిగుల్చుకోండి.

సినిమా పాటల విషయంలో ఒక హెచ్చరిక. ఇన్‌స్టాలో బిజినెస్ అకౌంటుకు అన్ని పాటలూ దొరకవు, వ్యాపారానికి అనుమతి ఉన్న సంగీతమే ఇస్తుంది. వేరే దారిలో హిట్ పాట అతికిస్తే శబ్దం తీసేసే అవకాశం ఉంది. కుండ కింద మంట చిటపటలు, మగ్గం చప్పుడు అలాగే వదిలేయండి, అదే బాగుంటుంది.

‘బూస్ట్’ నొక్కమని అడుగుతుంటుంది. నొక్కాలా?

బూస్ట్ అంటే డబ్బు కట్టి మీ పోస్టును ఎక్కువమందికి చూపించడం. ముందు ఫొటోలు, ధరలు, జవాబిచ్చే మనిషి సిద్ధంగా ఉంటేనే నొక్కండి. రోజుకు ఇంతకు మించొద్దని పరిమితి పెట్టండి, ముగింపు తేదీ పెట్టండి. ఎవరికి చూపించాలో ఊరు, కిలోమీటర్లు ఎంచుకోండి. చేపల, రొయ్యల చెరువుల్లో నీటికి గాలి అందించే ఏరేటర్లు బాగుచేసే షాపు ప్రకటన భీమవరం, ఉండి, ఆకివీడు చుట్టూ కనపడితే చాలు, విశాఖలో దాంతో ఎవరికీ పని లేదు. లైకులు లెక్కపెట్టకండి, ఎన్ని ఫోన్లు వచ్చాయో లెక్కపెట్టండి.

ఎవరో ఒక్క స్టార్ ఇచ్చి పోయారు. తీయించొచ్చా?

బూతులు, సంబంధం లేని గొడవ, కొననివాడి దొంగ రివ్యూ అయితే రిపోర్ట్ చేయొచ్చు. నిజంగా కొని, నచ్చక రాస్తే గూగుల్ తీయదు. అక్కడ మర్యాదగా నాలుగు మాటలు రాయడమే మార్గం. ఆ జవాబు ఆయన కోసం రాస్తున్నారనుకోకండి, తర్వాత చదివే కొత్తవాళ్ల కోసం రాస్తున్నారు.

పులస సంగతే చూడండి. వరద నీటికి ఎదురీది వచ్చే ఆ చేప కోసం పుస్తెలమ్మైనా తినాలని సామెత. వేరే చోట పట్టిన ఇలసను పులసని అంటగట్టేవాళ్లున్నారు కాబట్టి రివ్యూల్లో ఆ తగువు తప్పదు. ‘ఇది గోదావరి పులస కాదు, సముద్రం ఇలస, ధర ఇంత’ అని అమ్మే ముందే రాసిన కొట్టుకు అలాంటి రివ్యూ రావడం కష్టం.

మంచి రివ్యూ అడగడంలో తప్పులేదు. రివ్యూ రాస్తే పావుకిలో స్వీటు ఉచితం అనడం మాత్రం గూగుల్ నిబంధనలకు విరుద్ధం. బావమరదులందరితో ఒకే రోజు రాయించినా అంతే.

మా పేజీ చేసిన కుర్రాడు హైదరాబాద్ వెళ్లిపోయాడు. పాస్‌వర్డ్ అతని దగ్గరే ఉంది.

అన్నిటికన్నా ఎక్కువగా వినపడే ప్రశ్న ఇదే. ముందు గొడవ పడకుండా ఫోన్ చేసి అడగండి. అతను గూగుల్ ప్రొఫైల్లో మిమ్మల్ని ప్రధాన యజమానిగా మార్చాలి. ఫేస్‌బుక్ పేజీలో మీకు పూర్తి అధికారం ఇవ్వాలి. ఫోన్ ఎత్తకపోతే గూగుల్‌లో మీ కొట్టు పేరు వెతికి, యాజమాన్యం కోసం అభ్యర్థన పెట్టండి. అవతలివాళ్లకు మూడు రోజుల గడువు ఉంటుంది, జవాబు లేకపోతే మీరే వెరిఫై చేసుకునే వీలు రావచ్చు.

కొత్తగా పెట్టేవాళ్లు మొదటి రోజే ఇలా చేయండి. యజమాని మీ జీమెయిల్, రికవరీ నంబరు మీ సొంత సిమ్, కుర్రాడికి మేనేజర్ హోదా. టూ స్టెప్ వెరిఫికేషన్ (పాస్‌వర్డ్‌తో పాటు ఇంకో రుజువు కూడా అడిగే ఏర్పాటు) పెట్టి, బ్యాకప్ కోడ్లు కాగితం మీద రాసి బీరువాలో దస్తావేజుల పక్కన పెట్టండి.

ఆన్‌లైన్లోకి వస్తే మోసాలు ఎక్కువంటారు?

ఎక్కువే, కానీ రకాలు కొన్నే. పెద్ద ఆర్డరంటూ ఫోన్ చేసి, అడ్వాన్సు పంపుతున్నానని క్యూఆర్ కోడ్ పెట్టి స్కాన్ చేయమంటాడు. డబ్బు రావడానికి యూపీఐ పిన్ ఎప్పుడూ కొట్టక్కర్లేదు. పిన్ అడిగిందంటే మీ డబ్బు పోతోందని అర్థం. పేమెంట్ స్క్రీన్‌షాట్ చూసి సరుకు ఇవ్వకండి, బ్యాంకు ఖాతాలో పడిందో లేదో చూడండి. ‘మీ పేజీ రేపు రద్దవుతుంది, ఈ లింకు నొక్కండి’ అనే మెసేజ్, పెళ్లి కార్డంటూ వచ్చే ఏపీకే ఫైలు (నొక్కితే ఫోన్లో యాప్ ఎక్కించేది), వాట్సాప్ ఓటీపీ అడిగే తెలిసినవాళ్లు, ఇవన్నీ ఆ బాపతే.

డబ్బు పోతే సిగ్గుపడి కూర్చోకుండా వెంటనే 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బును మధ్యలో ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ.

లైసెన్సులు, జీఎస్టీ సంగతి?

తినేవి అమ్మితే ప్యాకెట్ మీద 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత సంస్థ) నంబరు ఉండాలి, కేటలాగులోనూ కనపడనివ్వండి. ఉద్యమ్ (చిన్న వ్యాపారాలకు ప్రభుత్వ గుర్తింపు) నమోదు ప్రభుత్వ పోర్టల్లో ఉచితం, అందుకు ఫీజు అడిగే వెబ్‌సైట్ల జోలికి పోకండి. హైదరాబాద్ ఇప్పుడు మనకు వేరే రాష్ట్రం, అక్కడికి సరుకు పంపితే అంతర్రాష్ట్ర అమ్మకం కిందికి వస్తుంది, జీఎస్టీ లెక్క మారుతుంది. మొదటి పార్శిల్ కంటే ముందే మీ ఆడిటరు గారిని అడగండి.

సంక్రాంతి ఆర్డర్లకు ఎప్పటినుంచి హడావుడి చేయాలి?

జనవరి మొదటి వారంలో మొదలెడితే ఆలస్యమే. నవంబరులో కొత్త ఫొటోలు, ధరలు. డిసెంబరు మొదట్లో పాత కస్టమర్లకు ఒక బ్రాడ్‌కాస్ట్, ఆఫీసులకు మెయిల్. డిసెంబరు చివర్లో ఓపికుంటే చిన్న ప్రకటన. పండగ దగ్గరికొచ్చేసరికి కొరియరు, ఆర్టీసీ కార్గో అన్నీ కిక్కిరిసిపోతాయి. బయటి ఊళ్లకు ఆఖరి పార్శిల్ ఏ తేదీనో ముందే తేల్చుకుని మ్యాప్ పోస్టులో, వాట్సాప్ స్టేటస్‌లో, ఇన్‌స్టా బయోలో ఒకటే తేదీ రాయండి. ఆ తేదీ దాటాక వచ్చే ఆర్డర్లకు ‘పండగ తర్వాతే పంపగలం’ అని ఒక క్విక్ రిప్లై ఇప్పుడే తయారుచేసి పెట్టుకోండి.